నలభై ఆరు ఓటముల పిచర్



జట్టు మానేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ బడిలో ఈ ఏడే పెట్టిన బేస్‌బాల్ జట్టు వరసగా ఓడిపోతోందనీ, పిచర్‌వి కాబట్టి ఓటములన్నీ నీ పేరు పక్కనే పడుతున్నాయనీ నీ బాధ. అది చిన్న బాధేం కాదు నాన్నా. మన క్రికెట్‌లో బౌలర్ ఎన్ని పరుగులిచ్చాడో రాస్తారు గానీ, ఓటమిని ఒక్కడి ఖాతాలో వెయ్యరు. అక్కడ మీ ఆటలో వేస్తారు. అందుకే రోజర్ క్రెయిగ్ అనే పిచర్ సంగతి నీకు చెప్పాలనిపించింది.

1957 తర్వాత డాడ్జర్స్, జెయింట్స్ అనే బేస్‌బాల్ జట్లు రెండూ న్యూయార్క్ వదిలి కాలిఫోర్నియా వెళ్ళిపోయాయి. ఆ లోటు తీర్చడానికి 1962లో మెట్స్ జట్టు వచ్చింది. పాత జట్లు అక్కర్లేదనుకుని పక్కన పెట్టిన వాళ్ళలోంచే ఆటగాళ్ళను ఏరుకోవాల్సి వచ్చింది. క్రెయిగ్ అలా వచ్చినవాడే. అప్పటికే డాడ్జర్స్‌తో రెండు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన మనిషి.

ఏప్రిల్ 11న సెయింట్ లూయిస్‌లో మెట్స్ మొట్టమొదటి ఆటకి బంతి అతని చేతికే ఇచ్చారు. మొదటి ఇన్నింగ్స్‌లోనే, ఎదుటివాడు మూడో బేస్ మీదుండగా, విసరబోయే బంతి చేతిలోంచి జారి కింద పడింది. అలా జరిగితే బేస్ మీదున్నవాడు ఊరికే ఒక బేస్ ముందుకి పోవచ్చు. అలా మెట్స్ మీద ఒక పరుగు పడింది. 11-4తో ఓడారు. ఆ ఏడు జట్టుకి 120 ఓటములు, అందులో క్రెయిగ్‌వి 24. కానీ జట్టు గెలిచిందే 40 ఆటలు, వాటిలో పది అతని పేరు మీదున్నాయని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

1963లో ఐదు గెలిచి 22 ఓడాడు, అందులో వరసగా 18. తనవాళ్ళు ఒక్క పరుగూ చెయ్యక 1-0తో పోయినవీ ఆ ఏడు ఉన్నాయి. అదృష్టం మారుతుందేమోనని, అక్కడివాళ్ళు అశుభమనుకునే 13వ నంబరు చొక్కా కూడా తొడుక్కున్నాడు. ఆగస్టు 9న కబ్స్ జట్టుతో ఆట 3-3గా ఉండగా, ఆఖరి ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌లూ నిండినప్పుడు మెట్స్ ఆటగాడు జిమ్ హిక్‌మన్ హోమ్ రన్ కొట్టాడు. ఆ వరస అక్కడితో తెగింది.

తప్పంతా జట్టుదేనని నేననను. అతని బంతుల్ని బాగానే బాదారు కూడా. కానీ ఆ రెండేళ్ళలో తాను మొదలుపెట్టిన ఆటల్లో 27 ఆటలకి చివరిదాకా తానే బంతులు వేశాడు. నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించిన అంకె అది. ఓడే జట్టుకి ఇంత కష్టమెందుకులే అనుకునేవాడు ఐదో ఇన్నింగ్స్‌కే చెయ్యి నొప్పంటాడు.

1963 సీజన్ అయ్యాక సెయింట్ లూయిస్ కార్డినల్స్ అతన్ని తీసుకున్నారు, ఆ జట్టు 1964 వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆడటం ఆపాక నేర్పడం మొదలుపెట్టాడు. అతను నేర్పిన బంతి ఒకటుంది: చూపుడు వేలూ మధ్య వేలూ బాగా ఎడం చేసి, వాటి మధ్య బంతి ఇరికించి, ఫాస్ట్‌బాల్ వేసినట్టే చెయ్యి విసరాలి. బంతి తిన్నగా వస్తున్నట్టే వచ్చి, బ్యాటర్ దగ్గరికొచ్చేసరికి కిందికి దిగిపోతుంది. 1984లో ఐదు గెలిచి 11 ఓడిన మైక్ స్కాట్ అనే హ్యూస్టన్ పిచర్ ఆ చలికాలంలో అతని దగ్గరికెళ్ళి అది నేర్చుకున్నాడు. 1986 సెప్టెంబరు 25న ఆ స్కాటే ఒక్క హిట్టూ ఇవ్వకుండా ఆట గెలిచాడు, ఆ ఏడే ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డూ అందుకున్నాడు. ఆ రోజు ఓడిన జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్. దాని మేనేజరు క్రెయిగే. వేరే జట్టువాడని దాచుకోకుండా విద్య చెప్పినవాడి మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

నాన్నా, ఈ సీజన్ మధ్యలో మానకు. మీ జట్టులో బంతి పట్టడం రాని పిల్లలున్నారన్నావుగా, ఆట లేని రోజున వాళ్ళని కూర్చోబెట్టి నీకొచ్చింది నేర్పు. శనివారం ఎన్ని ఇన్నింగ్స్ నిలబడ్డావో నాకు రాయి, ఎవరు గెలిచారో రాయకపోయినా ఫర్వాలేదు. సీజన్ అయ్యాక ఉంటావో మానతావో నీ ఇష్టం, మీ అమ్మకి నేను చెప్తాను.

ఆశీస్సులతో,
తాతయ్య