అర్థము కాని చట్టము మనలను బంధించునా?



ఆర్.కె.పేట ప్రాంతము విడిచి వచ్చిన మన ఇండ్లకు ఊరినుండి అప్పుడప్పుడు ఒక కాగితము వచ్చును. పొలము పట్టా నకలో, కోర్టు నోటీసో, అది తమిళములో ఉండును. తెలుగు బడిలో చదివిన మన పెద్దలు దానిని చేతపట్టుకొని, "ఎవరైనా చదివి చెప్పండి నాయనా" అందురు. చట్టము తెలియదను సాకు చెల్లదు. అయితే చదువలేని భాషలోనున్న చట్టము మనిషిని బంధించుట న్యాయమేనా?

తిరుత్తణి తాలూకా ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనిది. 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టము ప్రకారము 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రములో చేరినది. జనులు ఇల్లు కదలలేదు గాని కచేరీ భాష మారినది. 1976 నాటి సవరణతో క్రింది కోర్టులలో సాక్ష్యము, తీర్పు కూడ తమిళములోనికి వచ్చినవి. దీనిని తప్పు పట్టలేము. ఇంగ్లీషు కోర్టులో ఏమి జరుగుచున్నదో తెలియక తమిళ రైతు కూడ ఎన్నో ఏండ్లు చేతులు కట్టుకొని నిలిచినాడు. అతని కష్టము కొంత తీరినది. మన పెద్దల కష్టము మిగిలినది.

మన దేశపు న్యాయస్థానము ఈ ప్రశ్న ఎరుగనిది కాదు. మహారాష్ట్రలో హరికిషన్ అను వ్యక్తిని నిర్బంధించి, కారణములను ఇంగ్లీషులో వ్రాసి యిచ్చిరి. ఆయనకు ఇంగ్లీషు రాదు. హిందీలో కోరగా అధికారులు నిరాకరించిరి. 1962లో సుప్రీంకోర్టు ఆయనను విడుదల చేసినది. తెలియజేయుట అనగా ఆ మనిషికి అర్థమగునట్లు తెలియజేయుటయే అని ఆ తీర్పు సారాంశము. అయితే పొలము కాగితము పట్టుకొన్న అవ్వకు అట్టి రక్షణ ఎక్కడ? చదివి చెప్పు మనిషే ఆమెకు దిక్కు.

అహష్వేరోషు తాకీదులు 127 సంస్థానములకు, ఆయా జనుల భాషలలో వెళ్లినవి (ఎస్తేరు 8:9). యూదులను చంపుమన్న తాకీదు కూడ అట్లే వెళ్లినది (3:12). కనుక మన భాషలో ఉన్నంత మాత్రమున చట్టము మంచిదగునని కాదు. అయితే ఆ మాట అర్థమైనందుననే వారు ఉపవాసముండి మొరపెట్టగలిగిరి. అర్థము కానివానికి లోబడుట తప్ప వేరు దారి లేదు. బదులు చెప్పు వీలు లేకుండ బంధించునది న్యాయము కాదని మా అభిప్రాయము.

ఇప్పుడు మన వైపు చూచుకొందము. మన సంఘ నిబంధనలు ఏ భాషలో ఉన్నవి? రిజిస్ట్రేషను కొరకు అనేక చోట్ల ఇంగ్లీషులోనే వ్రాయించితిమి. బాప్తిస్టు సంఘములో ప్రతి సభ్యునికి ఓటు ఉన్నదని గర్వముగా చెప్పుకొందుము. సర్వసభ్య సమావేశములో అందరితోపాటు మన అవ్వ కూడ చేయి ఎత్తును. దేనికి ఎత్తినదో ఆమెకు తెలియునా? తెలుగు చదువలేని మన పిల్లలకైనను తెలియునా? ప్రభుత్వమును అడుగు ప్రశ్నకు మన ఇంటిలో మనమేమి జవాబు చెప్పుదుము?

కాబట్టి రెండు పనులు చేయుదము. మన నిబంధనలను తెలుగులో వ్రాసి, ఓటుకు ముందు బిగ్గరగా చదివి వినిపించుదము. పెద్దలకు కాగితము చదివి చెప్పునపుడు, మనకు అనుకూలముగా లేని పంక్తిని కూడ దాటవేయక చదువుదము. వేలిముద్ర వేయు చేయి మన నోటిమాటనే నమ్ముచున్నది గదా.