‘క్షేమమే’ అను మాట



మన పల్లె సంఘములలో నేడు బిడ్డ విదేశమున చదువుకొనుచున్న యిల్లు అరుదు కాదు. ఆదివారమున ఆరాధన ముగిసి అందరును గుడి వాకిట నిలుచునప్పుడు, “మీ అబ్బాయి ఎట్లున్నాడమ్మా?” అని యెవరో ఒకరు అడుగుదురు. “క్షేమమేనండి, ఇది ఆఖరి సంవత్సరము” అని తల్లి చెప్పును. క్రిందటి రాత్రి ఫోనులో కుమారుడు ఆమెకు చెప్పిన మాటయు అదియే. అయితే క్షేమము కాని దినమున ఆ మాట పలుకవచ్చునా? ప్రేమచేత కష్టమును దాచుట ప్రేమయేనా, లేక అబద్ధమా? ఈ ప్రశ్నను మీతో కలిసి నెమ్మదిగా విచారింపగోరుచున్నాను.

మొదట ఆ ఆఖరి సంవత్సర మెట్టిదో తెలిసికొందము. 2023–24 విద్యాసంవత్సరమున అమెరికా దేశములో విద్యార్థులుగా లెక్కింపబడిన భారతీయులు 3,31,602 మంది. వారిలో మన తెలుగు బిడ్డలు అనేకులు. అక్కడి ఎం.ఎస్. చదువు సాధారణముగా రెండేండ్లు. మొదటి యేడు క్రొత్త దేశమునకు అలవాటుపడుటలోనే గడచిపోవును. రెండవ యేట చదువు, పరీక్షలు, ఉద్యోగము కొరకు వెదకుట, ఈ మూడును ఒక్కసారి మీద పడును. తరగతులు జరుగు కాలమున విద్యార్థి విశ్వవిద్యాలయపు ఆవరణలో వారమునకు 20 గంటలు మాత్రమే పని చేయవచ్చును. అనుమతి లేక బయట పని చేసినయెడల అతని విద్యార్థి హోదాయే పోవచ్చును.

చదువు ముగిసిన పిమ్మట ఒక సంవత్సరము పని చేయుటకు అనుమతి కోరవచ్చును. విజ్ఞానము, ఇంజనీరింగు, గణితము మొదలైన శాఖల వారికి మరి 24 నెలల పొడిగింపు దొరకవచ్చును. కాని ఆ మొదటి సంవత్సరమున మొత్తము 90 దినములకంటె ఎక్కువ పని లేక యుండకూడదు. ఇవి 2024లో అమలులోనున్న నియమములు. ఆ మీదట నిలిచి పని చేయుటకు కావలసిన హెచ్-1బి వీసాలకు సాధారణ పరిమితి యేటికి 85,000. 2024లో వాటి కొరకు నాలుగు లక్షలకు పైగా దరఖాస్తులు నమోదు కాగా, చీట్లు వేసి యెన్నుకొనిరి. గనుక తెలివియు శ్రద్ధయు గల బిడ్డ కూడ తన దోషమేమియు లేకయే మిగిలిపోవచ్చునని మనము గ్రహింపవలెను.

ఇప్పుడు ఇంటివైపు చూడుడి. విదేశీ చదువునకు పెద్ద మొత్తము అప్పుగా నిచ్చునప్పుడు అనేక బ్యాంకులు ఇల్లో, పొలమో హామీగా అడుగును. చదువు కాలమును, ఆ తరువాత ఒక సంవత్సరమును గడువిచ్చి, పిమ్మట వాయిదాలు వసూలు చేయుట వాడుక. అనగా బిడ్డ ఉద్యోగము కొరకు తలుపులు తట్టుచున్న ఆ నెలలే ఇంట తండ్రి వాయిదా తేదీని లెక్కించుచున్న నెలలు. మన యూరిలో తెల్లవారుజామున కోడి కూయు వేళకు న్యూయార్కు నగరమున ముందటి దినపు సాయంకాలము. “మిమ్మును తీసికొనలేము” అను జవాబులను ఆ దినమంతయు చదివి, అలసి గదికి చేరిన వేళకే అమ్మ వాట్సాపులో పిలుచును. ఆమె ముఖము చూచి అతడు, “క్షేమమేనమ్మా, త్వరలో వచ్చునని చెప్పుచున్నారు” అనును.

ఇందుకు అతనిని తొందరపడి నిందింపకుడి. అతని పక్షముగా చెప్పదగిన న్యాయము కలదు. అమ్మకు రక్తపుపోటు, నాన్నకు నిద్ర పట్టదు, వేల మైళ్ల దూరమున నుండి వారు చేయగలిగినదేమియు లేదు. ఇద్దరు మోయలేని బరువును ఒక్కడే మోయుట మేలు గదా అని అతడు తలంచును. ఇది స్వార్థపరుని తలంపు కాదు.

దీనిని తూచుటకు మనకందరికి తెలిసిన యొక విద్యార్థిని జ్ఞాపకము చేసికొందము. గాంధీగారు 1888లో లండనుకు వెళ్లి, 1891 జూన్ 10వ తేదీన బారిష్టరై, 12వ తేదీన ఓడ యెక్కిరి. ఆయన తల్లి అప్పటికే మరణించియుండెను. పరాయి దేశమున ఒంటరిగా ఆ దెబ్బ తగులకూడదని అన్నగారు ఆ వార్తను దాచిరి. అమ్మను చూడవలెనని తహతహలాడుచు తిరిగి వచ్చినవానికి బొంబాయిలో అది తెలిసెను. అదే లండను కాలమున ఆయన తానును ఒక సంగతి దాచిరి. అప్పటికే వివాహమై ఒక కుమారుడు గలవారైనను, అక్కడి యితర భారతీయ విద్యార్థులవలె తన్ను అవివాహితునిగా తలంచనిచ్చిరి. ఒక వృద్ధురాలు ఆయనను ఆదివారములందు భోజనమునకు పిలిచి, ఒక యువతితో పరిచయము పెంపొందించుచుండెను. తుదకు ఆయన ఉత్తరము వ్రాసి నిజము తెలిపిరి. ఆమె కోపపడలేదు, నవ్వుకొని, ఎప్పటివలెనే రమ్మని జవాబు వ్రాసెను. ఈ రెండు సంగతులను ఆయనయే తన ఆత్మకథలో చెప్పిరి.

చదువరీ, ఈ రెండు దాపరికములు ఒక్కటి కావు. మరణవార్త లండనులో తెలిసినను ఆ కుమారుడు చేయగలిగినదేమియు లేదు. అన్నగారిని తప్పుపట్టుటకు నాకు మనస్సు రాదు. కాని ఆ వృద్ధురాలు తనకు తెలియని సంగతిని ఆధారము చేసికొని తలంపులు కట్టుకొనుచుండెను; ఒక యువతి బ్రతుకు ఆ తలంపులలో చిక్కుకొనెను. ఇక్కడనే మనకు కొలబద్ద దొరకుచున్నది. దాచువాడు తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న ఏమనగా: నా మాట నమ్మి ఎదుటివారు ఏమి చేయబోవుచున్నారు?

రెండు దినముల జ్వరము, ఒక పరీక్షలో తగ్గిన మార్కులు, ఒక రాత్రి పస్తు, ఇట్టివి చెప్పకపోయినను ఎవరికిని నష్టము లేదు. కాని “ఉద్యోగము వచ్చుచున్నది” అను మాట నమ్మి తండ్రి మిగిలిన యెకరమును కూడ తాకట్టు పెట్టబోవుచుండవచ్చును. లేక చెల్లెలి పెండ్లికి మాట యియ్యబోవుచుండవచ్చును. అప్పుడు కుమారుడు దాచుచున్నది తన కష్టమును మాత్రమే కాదు, తండ్రి తన పొలమును గూర్చి తానే నిర్ణయించుకొను హక్కును కూడ తీసివేయుచున్నాడు. అతని యుద్దేశము ప్రేమయే. అయినను నష్టము నష్టమే.

మరియొక హాని కలదు. ఒక అబద్ధము నిలుచుటకు రెండవది కావలెను. “త్వరలో వచ్చును” అన్నవాడు వచ్చే నెల ఇంకేదో చెప్పవలెను. పిమ్మట ఫోను చేయుటయే తగ్గును. ఎవరి దుఃఖమును తప్పింపవలెనని మాట దాచెనో, వారినుండియే అతడు తన్ను తాను వేరుపరచుకొనును. ఒంటరితనములో మనుష్యుని ఆలోచన చీకటి దారులు పట్టును.

అయితే తీర్పు బిడ్డల మీదనే వేసి మనము తప్పించుకొనరాదు. “ఉద్యోగము వచ్చెనా? జీతమెంత? ఇల్లెప్పుడు కట్టుదురు?” అని గుడి వాకిట అడుగువారము మనమే. ఉద్యోగము దొరకక తిరిగి వచ్చినవానిని చూచి తప్పిపోయిన కుమారుడని గుసగుసలాడువారమును మనమే. ఆ కథలోనివాడు ఆస్తిని దుర్వ్యాపారమువలన పాడుచేసెను. వీడు అర్ధరాత్రి వరకు చదివి, లెక్కపెట్టి తిని, చీటీలో పేరు రాక వచ్చెను. వీరిద్దరికి ఒకే పేరు పెట్టుట అన్యాయము. నిజము చెప్పినవానికి అవమానము, దాచినవానికి గౌరవము దొరకు చోట పిల్లలు దాచుటయే నేర్చుకొందురు.

గనుక తల్లిదండ్రులారా, అప్పు ఎంత యున్నదో, వాయిదా ఎప్పుడో బిడ్డకు దాచకుడి. మీరు నిజము చెప్పినయెడల అతనికిని నోరు తెరచుట సులభమగును. చదువు ముగియకముందే డబ్బు పంపుమని తొందర పెట్టకుడి. ఆ తొందరయే కొందరిని అనుమతి లేని పనికి త్రోసివేయును. వాయిదా తప్పకముందే బ్యాంకునకు వెళ్లి గడువును గూర్చి మాటలాడుడి. “ఉద్యోగము వచ్చెనా?” అనుటకు బదులు “ఈ దినము ఏమి తింటివి? ఎవరితో మాటలాడితివి?” అని అడుగుడి. అతని స్వరము మారినదని తోచినయెడల విశ్వవిద్యాలయములోని విదేశీ విద్యార్థుల కార్యాలయమునకును, అక్కడ మనోవ్యథకు సలహా యిచ్చువారియొద్దకును వెళ్లుమని చెప్పుడి. అమెరికాలో 2022 జూలై నుండి 988 అను నంబరునకు ఏ గంటకైనను ఫోను చేయవచ్చును. ఆ సంగతి అతనికి తెలియజేయుడి.

విదేశమున ఆఖరి యేడు గడుపుచున్న తమ్ముడా, చెల్లీ, ప్రతి చిన్న నొప్పిని ఇంటికి మోసి తెమ్మని మేమడుగుట లేదు. కాని ఇంటివారు నీ మాట మీద ఏదైన కట్టబోవుచున్నారని తెలిసినప్పుడు, వారు పునాది త్రవ్వకముందే నిజము చెప్పుము. ఆ రాత్రి అమ్మ యేడ్చును. నాన్న కొంతసేపు మౌనముగా నుండును. మరునాడు వారు నీతో కూర్చుండి లెక్క వేయుదురు. ముగ్గురు కూడి వేసిన లెక్క ఒంటరిగా వేసిన లెక్కకంటె తేలికగా నుండును.

ఈ వారము మీ సంఘములో ఇట్టి బిడ్డ గల యింటికి ఒకసారి వెళ్లుడి. జీతమును గూర్చి అడుగకుడి. “ఏ సంగతియైనను, అతడు ఎట్లు వచ్చినను, మా వాడే” అని ఆ తల్లిదండ్రులతో చెప్పి రండి. ఆ మాట తప్పక ఫోనులో అతనికి చేరును.