చలికాచుకొనుమని చెప్పిన చాలునా?

ధ్యానభాగము: యాకోబు 2:14–17



యాకోబు భక్తుడు తన పత్రికలో ఒక వింత దీవెనను మన యెదుట పెట్టుచున్నాడు. బట్టలేక, ఆనాటి కూడులేక వచ్చిన సహోదరునితో చలికాచుకొమ్మని మంచిమాట చెప్పి, చేతికేమియు ఇయ్యక పంపివేయుటయే ఆ దీవెన. మాటలో తప్పు లేదు. మాటవెంట చేయి రాలేదు. మన పల్లెలలో చలియనగా సంక్రాంతి ముందరి కొన్ని వారములు, ఒక దుప్పటి, భోగిమంట. గనుక ఈ వాక్యములో కూటికున్న బరువు మనకు వెంటనే తెలియును గాని చలికున్న బరువు అంతగా తెలియదు. సముద్రములకు ఆవలనున్న మన పిల్లలకు తెలియును.

మన సంఘమునుండి నర్సుపనికై ఇంగ్లండు వెళ్లిన ఒక సహోదరి ఇంట నిరుడు చలికాలమున జరిగినది వినుడి. డెబ్బది యేండ్లు దాటిన ఆమె తల్లి కొన్నాళ్లుండుటకు అక్కడికి వెళ్లెను. అక్కడి ఇండ్లలో చాలవాటిలో బాయిలరు ఒకచోట నీళ్లు కాచును. ఆ వేడినీరు గొట్టములగుండ గదిగదికి పోయి, గోడనానుకొనియున్న రేడియేటరను ఇనుప పలకలలో ప్రవహించి, వెచ్చదనమిచ్చి మరల బాయిలరుకు చేరును. ఇల్లంతయు వెచ్చగా నున్నది. ఆ తల్లి పండుకొను వెనుకగది మాత్రము గడ్డకట్టునట్లున్నది. అల్లుడు రగ్గు తెచ్చెను. మనుమరాలు మేజోళ్లు తొడిగెను. కూతురు వేడి టీ ఇచ్చి, "కప్పుకొని పడుకో అమ్మా" అనెను. అందరికిని ఆమెయందు ప్రేమయే. అయినను పదునైదు దినములు ఎవరును వంగి ఆ రేడియేటరుమీద చేయి పెట్టి చూడలేదు.

ఇది చిన్న సంగతి కాదు. చలిదేశములలో ఇంటిలోపల 18 డిగ్రీలకు తగ్గనీయరాదని, వృద్ధులకును రోగులకును అంతకంటె ఎక్కువయే కావలసియుండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో తెలిపినది. చలి రక్తపుపోటును పెంచును, రొమ్మును పట్టును. ఆ తల్లికి దగ్గు మొదలైనది.

అప్పుడు అల్లుడు మోకాళ్లమీద కూర్చుండెను. క్రింది గొట్టము వేడిగా నున్నది. పలక అంతయు చల్లగా నున్నది. (పైభాగము మాత్రమే చల్లగా నుండినయెడల లోపల గాలి చేరినదని అర్థము; దానికి మందు వేరు.) బాయిలరులో మంట ఆరలేదు, నీరు తక్కువ కాలేదు. గుమ్మమువరకు వచ్చిన వేడిని లోనికి రానీయనిది వాల్వు.

ఈ వాల్వును డెన్మార్కు దేశీయుడైన మాడ్స్ క్లాసెన్ 1943లో కనిపెట్టెను. 1952లో అమ్మకమునకు వచ్చెను. దానిపైని అంకెల పిడిలో మైనముగాని ద్రవముగాని ఉండును. గది వెచ్చబడగా అది ఉబ్బి ఒక సన్నని పిన్నును క్రిందికి నొక్కి నీటిదారి మూయును; చల్లబడగా అది ముడుచుకొనును, అడుగున నున్న స్ప్రింగు పిన్నును పైకెత్తి దారి తెరచును. నెలల తరబడి మూసియుంచినయెడల పిన్ను బిగిసిపోవును. ఆ గది వేసవియంతయు వాడుకలో లేదు.

అతడు బాయిలరు ఆపి, గొట్టములు చల్లారనిచ్చి, పిడిని పెద్ద అంకెకు త్రిప్పి, దాని రింగును చేతితో విప్పెను. క్రింది నట్టుల జోలికి పోలేదు, వాటివెనుక నీరున్నది. పిన్ను దిగిపోయి కదలక నిలిచియుండెను. తొందరపాటుగలవారు పటకారుతో పట్టి లాగుదురు. అది ఊడివచ్చినయెడల గది నీళ్లపాలగును. అతడు చుక్క నూనె వేసి, సుత్తి కర్రపిడితో వాల్వు ప్రక్కన మెల్లగా తట్టెను. చలనము లేదు. మరల తట్టెను. వెంట్రుకవాసి లేచెను. చెక్కముక్కతో నొక్కి విడిచెను, మరల నొక్కి విడిచెను. తుదకు నొక్కిన ప్రతిసారి పిన్ను తానే పైకి లేచెను. లేపినది అతని బలము కాదు, మొదటినుండి లోపలనున్న స్ప్రింగు.

మన కాలువ తూములను ఎరుగుదుము గదా. వేసవిలో దించిన తలుపు తుప్పుపట్టి, నీరు వదలిన దినమున పైకి రానని మొరాయించును. విధవరాలికిచ్చు శేరు బియ్యము ఈ నెలకు మాత్రమే ఆపితిమనుకొందుము. అన్నతో ఈ పండుగకు మాత్రమే మాటలాడమనుకొందుము. మూసినవాడు తరువాత తెరువగోరినను చేయి రాదు. అట్టివానిని సంఘపు పెద్దలు పదిమందిలో నిలువబెట్టి లాగుట నేను చూచితిని. పిన్ను ఊడుటయే గాని నీరు పారుట చూడలేదు. ఇంటికి పోయి కూర్చుండి, మెల్లగా, ఒకటికి నాలుగుమారులు తట్టవలెను.

ఈ పత్రిక విదేశములకును పోవుచున్నది గనుక మరి రెండు మాటలు. రేడియేటరు పిడిమీద తెర కప్పకుడి. తెరవెనుకనే నిలిచిన వేడిని చూచి అది గదియంతయు వెచ్చబడెనని మోసపోయి దారి మూయును. వేసవిలో బాయిలరు వేడిమి ఆపిన తరువాత వాల్వులను పూర్తిగా తెరచియుంచి, నెలకొకసారి అటునిటు త్రిప్పుడి. ప్రక్కయింట ఒంటరిగానున్న వృద్ధులెవరైన ఉన్నయెడల, చలి రాకమునుపే వారి తలుపు తట్టి, వారి వెనుకగదిలోని వాల్వును కూడ త్రిప్పి రండి.