లంచమును మామూలును

మన దేశమున లంచమునకు పేరులు పెక్కు. సంస్కృతమున ఉత్కోచ మందురు. లోకవ్యవహారమున చేయి తడుపుట యనియు, కాఫీఖర్చు లనియు, మామూలనియు చెప్పుదురు. వీనిలో కడపటిమాట మిక్కిలి కీడైనది. పాపమునకు పాపమను పేరున్నంతకాలము మనస్సు వెఱచును; అది 'మామూలు' అయిననాడు ఆ వెఱపును పోవును.

"అన్యాయము చేయుటకై పుచ్చుకొన్నదే లంచముగాని, న్యాయముగ మనకు రావలసినదానిని త్వరగ నిప్పించినవానికి రెండు రూకలిచ్చిన దోషమేమి?" అని సజ్జనులైన గృహస్థులే వాదింపగ మేము వినియున్నాము. ఈ భేదమును 1860 నాటి శిక్షాస్మృతియే యంగీకరింపలేదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టమునందు, 2018 సవరణ పిమ్మట, దీనికి దృష్టాంతమే కలదు: రేషను కార్డు దరఖాస్తును సకాలమున నడుపుటకు ఉద్యోగి 5,000 రూపాయలడిగినచో నేరస్థుడగును. కార్డు గృహస్థుని హక్కు. దాని నిచ్చుట ఉద్యోగి విధి. జీతమునకు చేయవలసిన విధిని మరల విక్రయించుటయే ఇచ్చట నేరము. శిక్ష 3 మొదలు 7 ఏండ్ల కారాగారము.

అట్లని శాసనము అందఱను ఒక్క గాటను కట్టలేదు. తన పలుకుబడిచే ఉద్యోగిని వశపఱచెదనని సొమ్ము గొను మధ్యవర్తికి శిక్ష ఉద్యోగితో సమానము. ఏ పనియు మాటాడుకొనకయే, తనతో వ్యవహారమున్నవానినుండి వెలయీయక వస్తువు గ్రహించు నుద్యోగికి 6 మాసములు మొదలు 5 ఏండ్లు. ఇచ్చువాడును నేరస్థుడే, 7 ఏండ్లవఱకు శిక్షింపవచ్చును. కాని నిర్బంధముచే నిచ్చినవాడు 7 దినములలో అధికారులకు తెలిపెనేని, దోషి గాడు.

ఈ 7 దినముల నియమమునుగూర్చి మేము పలుమాఱులాలోచించితిమి. బలవంతమున నిచ్చితిమని యనుకొననివా రెవ్వరు? నిజముగ పీడితుడా, లేక తన సౌకర్యమును కొన్నవాడా యను ప్రశ్నకు ప్రతివాడును ఆ వారమునందు తన మనస్సుతో సమాధానము చెప్పుకొనవలసియున్నది. పని జరిగినదికదా యని యూరకుండువాడు తన తరువాత వరుసలో నిలిచిన నిరుపేదకు ధర నిర్ణయించి పోవుచున్నాడు.

మేమును ప్రజాధనమునుండి జీతము గొను ఉపాధ్యాయులమే. ఒక ఏప్రిలులో, పరీక్షకు ముందుదినమున, ఒక విద్యార్థి తండ్రి మా యింటికి మామిడిపండ్ల గంప పంపెను. ఆయన యేమియు కోరలేదు. మేము బడినుండి వచ్చునప్పటికే పిల్లలు రెండుపండ్లు తినియుండిరి. తక్కినవానిని త్రిప్పిపంపి, తిన్నవాని వెల నిచ్చివేసితిమి. "పండ్లలో దోషమేమున్నదండీ?" యని మా గృహిణి యడిగెను. అప్పుడు చెప్పలేకపోతిమి. ఆ బాలుని పత్రము దిద్దుచు ఒక తప్పుకడ మా కలము క్షణకాలమాగినపుడు, ఆమెకు చెప్పవలసినది తెలిసినది.

కచ్చేరి గుమ్మమును శాసనము కాపాడునుగాక. గంప వచ్చునది ఇంటిగుమ్మమునకు. దానిని కాపాడవలసినవారు ఇంటివారే.