లెక్కకు రాని పరుగు

పంది ఒకటి, అందులో దిగిన బాణాలు రెండు. ఒకటి అర్జునుడిది, రెండోది ఎవరో బోయవాడిది. ఎవరి దెబ్బకు చచ్చిందన్నది తగవు. పాశుపతాస్త్రం కోసం తపస్సులో ఉన్న అర్జునుడు ఆ తగవులో తగ్గలేదు. కొట్టింది నేనేనన్నాడు. మాటా మాటా పెరిగింది. అమ్ములపొది ఖాళీ అయింది, గాండీవం చేజారింది, చివరికి ఉత్త చేతులతో కలబడ్డాడు. ఎదురుగా ఉన్నది సాక్షాత్తూ శివుడని తెలిసింది ఆ తర్వాతే. ఇదంతా మన ఇంద్రకీలాద్రి మీదే జరిగిందని బెజవాడ స్థలపురాణం. దసరాకు కొండెక్కే భక్తుల్లో ఈ కథ వినని వారు తక్కువ.

విన్న కథే అయినా అందులో ఒక చిక్కు ఉంది. తపస్సులో ఉన్నవాడు కోరికలను, కోపాన్ని అదుపులో పెట్టుకోవాలి కదా. ఒక అడవిపంది కోసం అంత పట్టెందుకు? పోనీలే, నువ్వే తీసుకో అని కళ్లు మూసుకుని మళ్లీ ధ్యానంలో కూర్చుంటే పోయేది. శివుడు ఆ పట్టుకు ఆగ్రహించలేదు సరికదా, మెచ్చి అస్త్రమిచ్చాడు. వైరాగ్యాన్ని పరీక్షించడానికి వచ్చిన దేవుడు జగడాన్ని ఎలా మెచ్చుకున్నాడు? పురాణం చెప్పే పెద్దలు ఇక్కడ శౌర్యాన్ని చూపించి ముందుకు వెళ్లిపోతారు. నాకు ఆ జవాబు చాలలేదు. చాలిన జవాబు మన కాలంలోని ఒక అమ్మాయి పరుగులో దొరికింది.

యర్రాజి జ్యోతిది విశాఖపట్నం. 1999లో పుట్టింది. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలో పని చేస్తూ ఆసుపత్రిలో శుభ్రం చేసే పని కూడా చేసింది. పోర్టు హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆ పిల్ల ఎత్తు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందన్నారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ, అక్కడి నుంచి మన కృష్ణా తీరానికి. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే దారిలో నంబూరు దగ్గరున్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆమె సాధన చేసింది, ఆ విశ్వవిద్యాలయం తరఫునే పరుగెత్తింది. తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ దగ్గర శిక్షణకు చేరింది.

ఆమె పోటీ నూరు మీటర్ల హర్డిల్స్. దారిలో 10 హర్డిల్స్. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటిది 13 మీటర్ల దూరంలో ఉంటుంది, ఆ తర్వాత ఎనిమిదిన్నర మీటర్లకొకటి. రెండింటి మధ్య మూడే అడుగులు పడాలి. నాలుగో అడుగు వేస్తే పోటీ పోయినట్టే. ఈ కొలతలు ఊరికే చెప్పడం లేదు. ప్రతి అడుగూ ముందే నిర్ణయమై ఉన్న ఈ పరుగులో మనసు ఒక్క క్షణం పక్కకు పోయినా ఒళ్లు కర్రకు తగులుతుంది. ఏకాగ్రత గురించి ప్రవచనాల్లో ఎన్ని గంటలు విన్నా, ఈ 13 సెకన్లలో కనిపించినంత స్పష్టంగా నాకు ఎక్కడా కనిపించలేదు.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడుబిదిరెలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు జరిగాయి. జ్యోతి 13.03 సెకన్లలో గీత దాటింది. అప్పటి జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్ 2002లో పెట్టిన 13.38. దాన్ని ఇరవై ఏళ్ల అమ్మాయి చెరిపేసింది. కానీ ఆ పోటీలో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. కాబట్టి ఆ పరుగు లెక్కకు రాలేదు.

రెండేళ్ల తర్వాత 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో ఫెడరేషన్ కప్. 13.09 సెకన్లు. ఈసారి పరీక్షలు ఉన్నాయి, ప్రతినిధులూ ఉన్నారు. గాలి అడ్డం తిరిగింది. వెనక నుంచి తోసే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ సమయం రికార్డుగా చెల్లదన్నది నియమం. ఆ రోజు యంత్రం 2.1 చూపించింది. ఆ పరుగూ లెక్కకు రాలేదు.

నెల తిరగకుండా మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో ఆమె 13.23 సెకన్లలో పరుగెత్తి జాతీయ రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. పుస్తకంలోకి ఎక్కిన పరుగు, ఎక్కని రెండు పరుగుల కంటే నెమ్మదైనది! అదే నెలలో ఇంగ్లండ్‌లో 13.11, నెదర్లాండ్స్‌లో 13.04. చూడండి, మూడు రికార్డులు మార్చిన తర్వాత కూడా మూడుబిదిరెలో పోయిన 13.03 ఇంకా ఒక మెట్టు పైనే ఉంది. అక్టోబరులో గాంధీనగర్ జాతీయ క్రీడల్లో 12.79 వచ్చింది, దాన్నీ గాలే కొట్టేసింది. చివరికి అదే నెల బెంగళూరులో 12.82. చెల్లే సమయంతో 13 సెకన్ల లోపు పరుగెత్తిన తొలి భారతీయురాలు ఆమె. అంటే 2020లో తన కాళ్లు చేసి చూపించిన పనిని పుస్తకం ఒప్పుకోవడానికి రెండున్నరేళ్లకు పైగా పట్టింది.

ఫలం మీద ఆశ వదిలి పని చేయమన్న గీతాబోధను మనం ఎక్కువగా ఓడినవాళ్లను ఓదార్చడానికే వాడుతున్నాం. పరీక్ష తప్పిన కుర్రాడికి, ఉద్యోగం రాని అమ్మాయికి చెబుతాం. కానీ గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అంతకంటే బలమైన అభయం ఇచ్చాడు. ఈ మార్గంలో మొదలుపెట్టిన ప్రయత్నం ఎక్కడికీ పోదు అన్నాడు. మూడుబిదిరె పరుగు పుస్తకంలో లేకపోవచ్చు, ఆమె కాళ్లలో ఉంది. లిమసోల్‌లో పరుగు మొదలయ్యే గీత దగ్గర నిలబడినప్పుడు, ఇంతకంటే వేగంగా పరుగెత్తగలనన్న సంగతి ఆమెకు నమ్మకం కాదు, అనుభవం. పెద్దలు సంస్కారం అన్నది దీన్నే. దాన్ని గాలి కొట్టేయలేదు, ఎవరి సంతకం లేకపోయినా అది చెల్లుతుంది.

ఇక్కడితో ఆపితే ఇది ఓర్పు గురించిన వ్యాసం అవుతుంది. అసలు సంగతి 2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌ఝౌలో ఉంది.

ఆసియా క్రీడల ఫైనల్. చైనా అమ్మాయి వూ యాన్నీ తుపాకీ పేలకముందే కదిలింది. ఆ కదలిక చూసి జ్యోతి కూడా లేచింది. 2010 నుంచి నియమం కఠినమైనది. ముందుగా బయల్దేరితే ఒక్కసారికే బయటకు పంపుతారు. అధికారులు ఇద్దరినీ తప్పించబోయారు. ఇన్నేళ్ల సాధన ఒక ఎర్ర కార్డుతో ముగిసిపోయే క్షణం అది. ఆతిథ్య దేశపు మైదానం, నిండిన స్టేడియం, పరాయి భాష. జ్యోతి కదల్లేదు. ముందు లేచింది నేను కాదని నిలబడి చెప్పింది, తెర మీద దృశ్యాన్ని మళ్లీ చూడమంది. చాలాసేపటి తర్జనభర్జనల తర్వాత ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు, తుది నిర్ణయం తర్వాత అన్నారు. అంత గందరగోళం తర్వాత మళ్లీ వంగి కూర్చుని 12.91 సెకన్లలో మూడో స్థానంలో వచ్చింది. భారత బృందం అభ్యంతరం చెప్పింది. వూ యాన్నీ అనర్హురాలైంది. జ్యోతి కంచు వెండి అయింది.

కోజికోడ్‌లో తలవంచిన అమ్మాయే హాంగ్‌ఝౌలో తల ఎత్తి నిలబడింది. ఈ రెండింటి మధ్య వైరుధ్యం ఉందా? నాకు కనిపించదు. గాలి యంత్రం నిజం చెప్పింది. ఆ నిజం తనకు నష్టమైనా ఒప్పుకుంది. ఎర్ర కార్డు నిజం చెప్పలేదు. ఒప్పుకోలేదు. రెండుచోట్లా ఆమె పట్టుకున్నది ఒకటే. ఫలాన్ని వదలడం వేరు, సత్యాన్ని వదలడం వేరు. మొదటిది సాధన, రెండోది పిరికితనం. మన ఇళ్లలో ఈ రెండింటినీ కలిపేసి, నోరెత్తని పిల్లలను మంచి పిల్లలంటున్నాం. భక్తి పేరుతో కూడా ఈ పొరపాటు జరుగుతోంది, అది నన్ను ఎక్కువ బాధిస్తుంది.

ఇంద్రకీలాద్రి మీద అర్జునుడి పట్టు ఇప్పుడు అర్థమవుతుంది. పంది మాంసం కోసం కాదు ఆ తగవు. బాణం వేశాడు, అది తగిలింది. తగల్లేదని ఎలా ఒప్పుకుంటాడు? ఎదుట ఉన్నవాడు బలవంతుడని చూసి మాట మార్చి ఉంటే ఆ చేతికి పాశుపతం ఇవ్వడం ప్రమాదం. శివుడు పరీక్షించింది అదే. మరో సంగతి. అర్జునుడు మట్టితో లింగం చేసి పూలదండ వేసి పూజిస్తే ఆ దండ బోయవాడి మెడలో కనిపించింది. అది చూడగానే పాదాల మీద పడ్డాడు. నిజం తన వైపు ఉన్నంతసేపు నిలబడ్డవాడే, నిజం ఎదురుగా కనిపించగానే వంగగలడు.

నిలబడి చెప్పడానికి నిజం మన చేతిలో లేని సందర్భాలూ ఉంటాయి. అమెరికా దూరపరుగుల క్రీడాకారిణి షలేన్ ఫ్లానగన్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల పరుగులో మూడో స్థానంలో వచ్చి కంచు తీసుకుంది. రెండో స్థానంలో వచ్చిన టర్కీ క్రీడాకారిణి ఎల్వాన్ అబెలెగెసె పాత నమూనాను మళ్లీ పరీక్షిస్తే నిషిద్ధ మందు బయటపడింది. 2017లో ఆమె పతకం తీసేశారు, ఫ్లానగన్‌ది వెండి అయింది. తొమ్మిదేళ్లు! పతకాల వేదిక మీద రెండో మెట్టు ఎక్కే క్షణం తిరిగి రాదు. ఫ్లానగన్ ఆ తొమ్మిదేళ్లూ పరుగు ఆపలేదు. అదే 2017 నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచింది. 1977 తర్వాత ఆ పోటీ గెలిచిన తొలి అమెరికా మహిళ ఆమే. నిజం ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి ఆమె దారిలోనే ఉంది.

జ్యోతి కథ తర్వాత కూడా ఎత్తుపల్లాలతోనే సాగింది. 2024 పారిస్‌లో ఒలింపిక్స్ నూరు మీటర్ల హర్డిల్స్‌లో దిగిన తొలి భారతీయురాలైంది, కానీ సెమీఫైనల్ చేరలేదు. 2025 జనవరిలో అర్జున అవార్డు అందుకుంది. అదే ఏడాది మేలో దక్షిణ కొరియాలోని గుమిలో 12.96 సెకన్లతో ఆసియా ఛాంపియన్‌షిప్ బంగారాన్ని నిలబెట్టుకుంది. ఆ వెంటనే మోకాలికి గాయం, శస్త్రచికిత్స.

ఇంతవరకు పరుగెత్తేవారి ధర్మం చెప్పుకున్నాం. కొలిచేవారి ధర్మం ఒకటుంది. మూడుబిదిరెలో ఆ అమ్మాయి తన పని పూర్తిగా చేసింది. చుట్టూ ఉన్న ఏర్పాట్లు తమ పని చేయలేదు. అన్యాయం జరిగిన పిల్లలతో మనం "పోనీలే, దేవుడు చూస్తున్నాడు" అంటాం. ఆ మాట చెప్పాల్సింది వాళ్లకు కాదు. గడియారం పట్టుకున్నవారికి, ఈల ఊదేవారికి, మార్కులు వేసేవారికి, పేర్లు రాసుకునేవారికి చెప్పాలి. వాళ్ల సాధన అదే. గుడికి వెళ్లినా వెళ్లకపోయినా, ఉన్నది ఉన్నట్టు రాయడం వాళ్ల పూజ.

అందుకే గుంటూరు, విజయవాడ, మచిలీపట్నం, ఏలూరుల్లో పోటీలు పెట్టే కాలేజీల వారికీ స్కూళ్ల వ్యాయామ ఉపాధ్యాయులకూ ఒక విన్నపం. పందిళ్లకు, దండలకు, ముఖ్య అతిథి శాలువాకు పెట్టే ఖర్చులో కొంత తీసి గాలి కొలిచే యంత్రం తెప్పించండి. పెద్ద పోటీలకు అర్హులైన సాంకేతిక అధికారులను ముందే పిలవండి. తల్లిదండ్రులకూ ఒక మాట. మీ అమ్మాయి మైదానం నుంచి వచ్చి "నేను ముందు కదల్లేదు నాన్నా" అంటే, సర్దుకుపొమ్మని చెప్పకండి. ఏం జరిగిందో పూర్తిగా వినండి. ఆమె చెప్పింది నిజమైతే, మర్నాడు ఆమె వెంట వెళ్లి ఆ మాట అక్కడ మళ్లీ చెప్పించండి.