తల్లి లేని కూనకు దాసోహము

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవి కథను చెప్పియున్నాడు. లోకములో ఎల్లవారికిని తల్లి యుండగా శివునకు మాత్రము తల్లి లేకపోయెనే యని ఆ యిల్లాలు దుఃఖించినది. దుఃఖించి ఊరకుండలేదు. తానే తల్లియై, లింగమును బిడ్డగా నెంచి, నీళ్లు పోసినది, కాటుక దిద్దినది, పాలు పట్టినది. ఆ ముగ్ధభక్తికి శివుడు ప్రత్యక్షమయ్యెను. ఈ కథను మన యిండ్లలో అవ్వలు మనుమలకు చెప్పుచునే యున్నారు. అయితే తల్లి లేని ప్రాణి యొకటి నిజముగానే గడప దాటి లోనికి వచ్చిన నాడు మన భక్తి యెట్లుండునో చూడవలెను.

హైదరాబాదు నగరమున మూగజీవులకు ఆశ్రయమిచ్చు సంస్థలు కలవు. 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్ వానిలో నొకటి. అటువంటి ఆశ్రయ మొకదాని నుండి ఆ నగరముననే యున్న ఒక లింగవంత కుటుంబమువారు, మనుమరాలి కోరికపై, రెండున్నర నెలల పిల్లికూనను ఇంటికి తెచ్చిరి. ఇంటి అవ్వ ద్వారము కడనే అడ్డు నిలిచినది. ఆమె అభ్యంతరములు రెండు. పిల్లి అపశకునమనునది మొదటిది. దీనికి ఎక్కువ చర్చ అక్కరలేదు. శకునములను, వర్జ్యములను బసవాది శరణులు పన్నెండవ శతాబ్దిలోనే త్రోసివేసిరి. ఎదపై ఇష్టలింగము నుంచుకొని, పిల్లి ఎదురైనదని వెనుదిరుగువాడు ఆ లింగమును నమ్మనివాడే యగును.

రెండవ అభ్యంతరము గట్టిది. “లింగధారుల యింట మాంసము పెట్టుదురా?” అని ఆమె అడిగినది. పెరుగన్నము పెట్టి పెంచెదమని కొడుకు చెప్పెను. పశువైద్యుడు అది కుదరదనెను. పిల్లి శరీరమునకు టారిన్ అను పదార్థము కావలెను. దానిని అది తనలో తాను చాలినంతగా చేసికొనజాలదు; సహజముగా మాంసమునందే అది లభించును. అది కరువైనచో కాలక్రమమున చూపు పోవును, గుండె చెడును. పెరుగన్నముతో పెంచుట యనగా మన శుచిని కాపాడుకొనుటకై దాని కన్నులు తీయుటయే.

మద్యమాంసముల విసర్జనము లింగధారి తనకు తాను విధించుకొన్న నియమము. దీక్ష నొందినవాడు ఆచరించుట వ్రతము. దీక్ష యెరుగని ప్రాణిచే బలిమిని ఆచరింపజేయుట హింస. కన్నప్ప తెచ్చిన మాంసమును కాళహస్తీశ్వరుడు త్రోసిపుచ్చలేదని మనమే చెప్పుకొందుము. దానిని మన నాలుకకు అనుమతిగా గ్రహింపరాదు. ప్రాణి స్వభావమును శివుడెరుగును అన్నంతవరకే గ్రహింపవలెను. అయినను ఆ డబ్బాలోని ఆహారము మరియొక ప్రాణి నుండి వచ్చినదే గదా అను బాధ మిగిలియే యుండును. దానికి తేలికయైన సమాధానము లేదు. ఆ బాధను ఓర్వలేనివారు పిల్లిని తేకుండుటే మేలు. గోవు కలదు, వేసవిలో నీటికై అలమటించు పక్షులు కలవు. వానికి చేయు సేవ తక్కువది కాదు. తెచ్చి, అర్ధాకలితో ఉంచుట మాత్రము కూడదు.

ఆ యింటివారు వెనుకటి వసారాలో దానికి వేరు పళ్లెము, వేరు నీటిగిన్నె ఏర్పరచిరి. ఆ డబ్బా వంటయింటికి గాని పూజగదికి గాని రాదు.

ఇక కూన సంగతి. మూడు దినములు అది బీరువా క్రింది నుండి వెలికి రాలేదు. రాత్రివేళ ఎవరును లేనప్పుడు తిని, ఇసుకతట్టకు పోయి, మరల దాగుకొనెడిది. మనుమరాలు చేయి చాపగా గీరినది. “ఇల్లిచ్చితిమి, అన్నమిడితిమి, ఇంకను దీనికి విశ్వాసము లేదు, మరల ఇచ్చివేయుదము” అని కొడుకు విసుగుకొనెను.

ఈ విసుగు దానము చేసినవాని విసుగు. ఇచ్చితిని గనుక నన్ను చూచి సంతోషింపవలెనని అతడు కోరును. దాసోహము వేరు. “సోహం” అను అహంకారమునకు లొంగక “దాసోహం” అని నిలుచుట అది. కల్యాణమున బిజ్జలుని భండారియైన బసవేశ్వరుడు తన మహామనెలో జంగములకు సేవ చేసినప్పుడు, ఇచ్చువాడ నను భావము లేక, సేవకుడనై నిలిచితినను భావముతో చేసెను. పంచాచారములలోని భృత్యాచారము ఇదియే. భృత్యుడు యజమానుని పిలిచి ఒడిలో కూర్చుండుమనడు. యజమానుని సమయమునకై వేచియుండును. తల్లిని, తోబుట్టువులను, ఎరిగిన వాసనలను ఒక్కనాడే పోగొట్టుకొన్న కూనకు మన యిల్లు ఇల్లు కాదు, అడవి. దానికి మొదట ఒక్క గది చాలును. దాగుటకొక అట్టపెట్టె, తిండికి దూరముగా ఇసుకతట్ట, అంతటి నిశ్శబ్దము కావలెను. ఒక దినమంతయు ఏమియు తినకున్నచో మాత్రము వేచియుండరాదు. వెంటనే వైద్యునికడకు కొనిపోవలెను.

నాలుగవనాటి ఉదయము ఇంటి తాత అదే గదిలో నేలపై పీట వేసికొని ఇష్టలింగపూజకు కూర్చుండెను. లింగము ఎడమ అరచేత నున్నది, చూపు లింగముపై నున్నది, శరీరము కదలదు. పిల్లికి తేరిపార చూచు కన్నులన్న భయము. ఆ కన్నులు తనపై లేవు గనుక అది మెల్లగా వెలుపలికి వచ్చి, మోకాలి కడ వాసన చూచి, అచటనే కూర్చుండెను. పూజ ముగిసినను తాత కదలలేదు. ద్వారము కడ నిలిచిన మనుమరాలితో, “అమ్మా, పిలువకుము. దానంతట అదే వచ్చును” అనెను.

ఇట్టి యింట మరి కొన్ని జాగ్రత్తలు అవసరము. పూజకుంచిన కర్పూరము, నేల తుడుచు ఫినాయిలు పిల్లికి విషములు. ఆవుపాలు పలు పిల్లులకు విరేచనములు కలిగించును. బెజ్జమహాదేవి పాలగిన్నె ఇక్కడ పనికిరాదు, శుభ్రమైన నీరు చాలును. టీకాలు, నులిపురుగుల మందు, తగిన వయస్సున సంతాననిరోధ శస్త్రచికిత్స మరువరాదు. మేడ యిండ్లవారు కిటికీలకు వల బిగింపవలెను. విసిగి వీధిలో విడుచుట పాపమగుటయే గాక, ఆకలిదప్పులకు లోనగునట్లు ప్రాణిని కారణము లేక విడుచుట 1960 నాటి జంతుహింసా నిరోధక చట్టము ప్రకారము నేరము కూడ.

అవ్వ ఇప్పటికిని ఆ డబ్బాను తాకదు. తాకవలసిన పనియు లేదు. అయితే సాయంకాలము దీపము పెట్టిన పిదప, వసారా వలకు కొక్కెము వేసితిరా యని ప్రతిదినము అడుగునది ఆమెయే.