కనబడనిదీ, లేనిదీ

ఒక చిన్నపిల్ల మంచం మీద పడుకుని గోడకేసి చూస్తూ ఉంటుంది. గోడ నిండా పగుళ్ళు. చూడగా చూడగా ఒక పగులు ఒంటెలా కనబడుతుంది, ఇంకొకటి కోతిలా, మరొకటి కోడిపెట్టలా. అవన్నీ పాపకు నేస్తాలవుతాయి. అంతలో ఆ పగుళ్ళన్నిటికీ పెద్ద అయిన ఒక భయంకరాకారం గోడలోంచి తొంగిచూస్తుంది. దాని దుర్మార్గమే దాన్ని తినేస్తుంది. పెచ్చులు పెచ్చులుగా రాలి కూలిపోతుంది. కథ ఇంతే.

అమెరికాలో ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల టెలివిజన్ కార్యక్రమం 1969లో మొదలైంది. ఈ చిన్న బొమ్మల చిత్రం అందులో 1975 చివర మొదటిసారి వచ్చింది. ఆ తరువాత కొన్నేళ్ళు అడపాదడపా వేసి ఆపేశారు. నాలుగైదేళ్ళ వయసులో దాన్ని చూసి జడుసుకున్న పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయ్యారు. పెచ్చులూడిన గోడ కనబడితే చాలు, వాళ్ళకి అది గుర్తుకొచ్చేది. కాని ఎవరితో చెప్పడం? చిత్రం పేరు తెలియదు, తీసినవాళ్ళు తెలియదు, మళ్ళీ చూపించమంటే చూపించేవాళ్ళు లేరు. చిన్నప్పుడు జ్వరంలో కన్న కలకీ, చిన్నప్పుడు టెలివిజన్‌లో చూసిన బొమ్మకీ తేడా ఏమిటని ఎదుటివాడు అడిగితే జవాబు లేదు. వాళ్ళలో కొందరు ఒకరినొకరు కనుక్కున్నారు. ముక్కూ మొహం తెలియని మనుషులకు అదే ఒంటె, అదే కోడి, అదే రాలిపోయే గోడ గుర్తున్నాయి. వెతకడం మొదలుపెట్టారు. మధ్యలో ఒకాయనకు ఒక ప్రతి అందింది, ఎవరికీ ఇవ్వకూడదన్న షరతు మీద. ఆయన పరిస్థితి ఆలోచించండి. ఉన్నదని ఆయనకు తెలుసు, చూశాడు కూడా. అయినా లోకానికి చూపించగలిగింది తన నోటిమాట ఒక్కటే. చివరికి 2013లో ఆ చిత్రం అందరి ముందుకూ వచ్చింది. కల కాదు. ఒంటె ఉంది, కోతి ఉంది, కోడి ఉంది.

నన్ను పట్టుకున్న ప్రశ్న దొరికిన తరువాతది కాదు, దొరకకముందుది. ఆ ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒకరోజు ఆ మనిషి మన ఎదుట కూర్చుని “నేను దాన్ని చూశాను” అంటే మనం ఏమనాలి? “అయ్యుంటుంది” అని ఊరుకోవడం మర్యాదే కాని నిజాయితీ కాదు. “నీ భ్రమ” అనడం నిజాయితీలా కనబడే తొందరపాటు.

మన తార్కికులు జ్ఞాపకాన్ని గొప్ప పీట మీద కూర్చోబెట్టలేదు. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’లో జ్ఞానాన్ని రెండు పాయలు చేశాడు: అనుభవం ఒకటి, స్మృతి ఒకటి. స్మృతి పుట్టేది కేవలం సంస్కారం నుంచి. అంటే ఎప్పుడో పడిన ముద్ర నుంచి. ఎదుట వస్తువేమీ ఉండదు. అందుకని ప్రమాణాల లెక్కలోకి దాన్ని రానివ్వలేదు. ఇది విన్నప్పుడు కొంచెం కఠినంగా తోస్తుంది. మనిషి బతుకులో సగం జ్ఞాపకమే కదా, దానికి సాక్ష్యపు విలువ లేదా అని.

కాని అదే సంప్రదాయం ఇంకో మాట కూడా చెప్పింది. కుమారిలభట్టు మార్గంలోని మీమాంసకులు, వారి వెనుక అద్వైతులు ‘అనుపలబ్ధి’ అనే ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. నేల మీద కుండ లేదని మనకెలా తెలుస్తుంది? కనబడకపోవడం వల్ల. అయితే ఊరికే కనబడకపోతే చాలదు. ఉండి ఉంటే కనబడి తీరవలసిన చోట కనబడకపోవాలి. దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు. చీకటిగదిలో కుండ కనబడలేదని కుండ లేదనడానికి వీల్లేదు. ముందు దీపం పెట్టు, తరువాత చూడు, అప్పుడు లేదను.

దీపం ఉందా లేదా అన్నదే అసలు సంగతి. దానికి రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టుకుందాం.

అర్జెంటీనాలో కిరీనో క్రిస్టియాని అనే ఆయన 1917లో ‘ఎల్ అపోస్తోల్’ అనే కార్టూన్ చిత్రం తీశాడు. దాదాపు డెబ్భై నిమిషాలు, 58,000 బొమ్మలు. అప్పటి అధ్యక్షుడు ఇరిగోయెన్ మీద వ్యంగ్యం. పూర్తి నిడివి కార్టూన్ చిత్రాల్లో ప్రపంచంలో ఇదే మొదటిదని చరిత్రకారుల మాట. 1926లో నిర్మాత స్టూడియో తగలబడి చిత్రం బూడిదైపోయింది. ఇవాళ దాన్ని చూపించగలవాడు భూమి మీద ఎవడూ లేడు. అయినా అది ఉండేదని ఎవరూ అనుమానించరు. మన ఫాల్కే గారు 1915లో అగ్గిపుల్లలను కదిలించి తీసిన ‘ఆగ్‌కాడ్యాంచీ మౌజ్’ సంగతీ అంతే. చిత్రం పోయింది, పేరు నిలిచింది. ఆనాటి నైట్రేటు ఫిల్ము అగ్గిపుల్లకంటే తొందరగా అంటుకునే సరుకు. కాలనివాటిని కరిగించి వెండి తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. అటువంటి చోట వెతికి దొరకలేదంటే, చీకట్లో కుండ కనబడలేదన్నట్టే.

రెండోది ఒక వీడియో ఆట. పేరు పొలీబియస్. 1981లో అమెరికాలోని పోర్ట్‌లండ్ ఊరి ఆటల దుకాణాల్లో నల్లటి పెట్టెలో ఈ ఆట వెలిసిందట. ఆడిన పిల్లలకు తలనొప్పులు, పీడకలలు, మతిమరుపు వచ్చాయట. నల్లకోట్ల మనుషులు వచ్చి పెట్టెలోంచి ఏవో వివరాలు రాసుకుపోయేవారట. కొన్నాళ్ళకు పెట్టె మాయం. దీన్ని ఆడామని చెప్పేవాళ్ళున్నారు. వెతికినవాళ్ళు లెక్కలేనంతమంది. కాని వీడియో ఆట అంటే మంచుబిందువు కాదు. నిలువెత్తు పెట్టె. దాన్ని తయారుచేసిన కంపెనీ ఉండాలి, వ్యాపార పత్రికలో ప్రకటన ఉండాలి, లారీలో వేసిన బిల్లు ఉండాలి, చెడిపోతే బాగుచేసిన మెకానిక్ ఉండాలి, పాతసామాన్ల కొట్లో సర్క్యూట్ పలక ఒకటైనా పడి ఉండాలి. ఆ కాలపు ఆటలను దుమ్ము దులిపి బయటికి లాగిన సంగ్రాహకులకు కొదవలేదు. ఈ ఒక్కదాని మర మేకు కూడా దొరకలేదు. 1990ల చివరికి ముందు దాని పేరే ఎక్కడా లేదు. అచ్చులోకి వచ్చింది 2003లో, గేమ్‌ప్రో అనే పత్రికలో. ఇక్కడ దీపం వెలుగుతూనే ఉంది. కుండ లేదు.

(ఆ పేరు పెట్టినవాడెవడో గాని గడుసువాడు. పొలీబియస్ క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు. కళ్ళారా చూసినవాళ్ళను నిలదీసి అడగనిదే చరిత్ర రాయకూడదన్న మనిషి.)

అయితే పొలీబియస్ కథ పూర్తిగా గాలిలో పుట్టలేదు. 1981లో ఆ ఊళ్ళోనే ఒక కుర్రవాడు ఆస్టరాయిడ్స్ ఆట రికార్డు కోసం గంటల తరబడి ఆడి కడుపునొప్పితో ఆగిపోయాడు. మరొకడికి టెంపెస్ట్ అనే ఆట ఆడుతుండగా తలనొప్పి వచ్చింది. ఆ రోజుల్లోనే జూదం కోసం పెట్టెలు నడుపుతున్నారని పోలీసులు ఆటల దుకాణాల మీద దాడులు చేశారు. ఇవన్నీ జరిగినవే. నాలుగు పొయ్యిల పొగ ఒకచోట కలిస్తే ఊరు తగలబడుతోందనిపిస్తుంది. ఆ పొగ చూసినవాడు అబద్ధమాడలేదు.

జ్ఞాపకం ఇట్లా ఎట్లా కుదురుకుంటుందో 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వవేత్తలు ఒక చిన్న ప్రయోగంలో చూపించారు. కార్ల ప్రమాదం ఫిల్ము చూపించి, కార్ల వేగమెంత అని అడిగారు. యాభైమందిని “తగిలినప్పుడు” అన్న మాటతో, యాభైమందిని “గుద్దుకుని నుజ్జయినప్పుడు” అన్నంత గట్టి మాటతో. వారం తరువాత పిలిచి “పగిలిన అద్దం చూశారా?” అన్నారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. మెత్తని మాట విన్నవాళ్ళలో ఏడుగురు చూశామన్నారు. గట్టి మాట విన్నవాళ్ళలో పదహారుగురు చూశామన్నారు. అద్దాన్ని పగలగొట్టింది కారు కాదు, ప్రశ్న.

పోయిన బొమ్మల చిత్రం కోసం వెతికేవాడు ఈ యాభైమందినీ ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి. “మీకేం గుర్తుంది?” అని అడగడం వేరు, “ఆ నల్లకోటు మనిషి గుర్తున్నాడా?” అని అడగడం వేరు. రెండోవాడు సాక్షిని వెతకడం లేదు, తయారుచేస్తున్నాడు. గోడపగుళ్ళ చిత్రాన్ని వెతికినవాళ్ళ బలం కూడా ఇక్కడే ఉంది. ఒకరినొకరు కలవకముందే, ఎవరి ఇంట్లో వాళ్ళు, ఎవరూ అందించకుండా అదే ఒంటెను మోస్తూ వచ్చారు. కలిసి కూర్చుని నెమరువేసుకున్న జ్ఞాపకాలు పదయినా ఒకటి కిందే లెక్క. విడివిడిగా వచ్చినవి రెండయినా రెండు.

పొరపడినవాడిని క్షమించడం తేలిక. తెలిసి కల్పించేవాడి సంగతి వేరు. “ఎనభయ్యవ దశకంలో జపానులో ఒక భయంకరమైన కార్టూన్ తీశారు, నేను చూశాను” అని లేనిదాన్ని ఊహించి వదిలేవాడు, వందలమంది రాత్రిళ్ళు మేలుకుని వెతుకుతుంటే చాటుగా నవ్వుకునేవాడు. ఇందులో ఎవరి సొమ్ము పోయింది అంటాడు. నాన్నా పులి కథలో అబద్ధమాడిన పిల్లవాడే చివరికి పులి వాత పడ్డాడు, లెక్క సరిపోయింది. ఇక్కడ అరిచేది ఒకడు, పులి వాత పడేది ఇంకొకడు. ఈ వేళాకోళం తరువాత నిజంగానే ఒక చిత్రం చూసిన ఆడమనిషి ఎవరో నోరు విప్పితే, ఆమె ముఖం మీద నవ్వుతారు. దొంగిలించినది ఆమె మాటకుండే విలువను. అది డబ్బు కాదు కనుక దొంగతనమనిపించదు.

అట్లాగని విన్న ప్రతిదాన్నీ పుక్కిటిపురాణమని తోసేయడానికీ లేదు. 1983లో అటారీ కంపెనీ అమ్ముడుపోని ఆటలను న్యూమెక్సికో ఎడారి ఊరు అలమగోర్డో చెత్తదిబ్బలో పూడ్చిపెట్టిందని చాలాకాలం కథలుగా చెప్పుకున్నారు. కొందరు అది ఉత్తదేనన్నారు. 2014 ఏప్రిల్ 26న తవ్వారు. ఆటల కాట్రిడ్జులు బయటపడ్డాయి. సుమారు 1,300 పైకి తీశారు. పుకారులో వినబడేది ‘ఇ.టి.’ ఆట ఒక్కటే. గోతిలో మాత్రం రకరకాల ఆటలున్నాయి. కథ నిజమే, వివరమే తప్పు.

ఈ మాట దగ్గర మన ఇంటి సంగతి గుర్తుకొస్తోంది. ‘భక్త ప్రహ్లాద’ విడుదల తేదీ 1931 సెప్టెంబరు 15 అని దశాబ్దాలపాటు తెలుగువాళ్ళం నమ్మి పండుగ చేసుకున్నాం. పాత పత్రికలూ కాగితాలూ గాలించి రెంటాల జయదేవ అది 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. ఆ ముందు 1931 అక్టోబరులో మద్రాసులో వచ్చిన ‘కాళిదాస్’లో తమిళంతోపాటు తెలుగూ వినబడింది. ఇవాళ రెండు చిత్రాల్లో ఒక్కటీ లేదు. మొదటి తేదీ చెప్పిన పెద్దలు అబద్ధమాడలేదు. వాళ్ళు చూసింది చిత్రాన్ని, క్యాలెండరును కాదు.

సొంత రాష్ట్రానికి బయట ఉన్నవాళ్ళకు ఈ చిక్కు రోజూ ఉన్నదే. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో ఒక ముసలామె, తన చిన్నప్పుడు ఫలానా తెలుగు నాటకం ఆడారని, పిల్లలం ఫలానా ఆట ఆడేవాళ్ళమని చెబుతుంది. ఆ ఊరి కాగితాలు వేరే భాషలో ఉన్నాయి. తెలుగు నాటకం ఆడిన రాత్రిని రాసిపెట్టే పని ఎవరికీ లేకపోయింది. అంటే మన గది చీకటిది. వెతికి దొరకలేదని ఆమెను కొట్టిపారేయడానికి మనకు హక్కు లేదు. కాని చీకటి ఉందికదా అని అందులో ఏం కావాలంటే అది ఉందనుకునే చపలత్వమూ మనదే. తాతముత్తాతలు రాయలవారి కొలువులో దండనాయకులని చెప్పుకోని ఇల్లు మనలో ఎన్ని ఉన్నాయి? ఆ కొలువులో నీళ్ళు మోసినవాడి మనుమలు ఎటు పోయారో మరి. ముసలామె నాటకమూ, మన దండనాయకుడూ ఒకే చీకట్లో ఉన్నారు. దండనాయకుణ్ణి పెంచుకుంటూ పోతే ఒకనాటికి ఆమె నాటకాన్నీ ఎవరూ నమ్మరు. నేనైతే ఆమె చెప్పింది చెప్పినట్టు, ఆమె తడబడిన చోట తడబాటుతో సహా రాసుకుని, ఇంకా దొరకలేదు అని పక్కన రాస్తాను. లేదు అని రాయను. ఉంది అని కూడా రాయను.

పైన చెప్పినవన్నీ ఎవరో ఒకరు తలచుకున్నవి. ఎవరూ తలచుకోనిదీ ఒకటుంది. 2005లో క్యోటోలో ఒక పాత ఇంటి సామాను పాతవస్తువుల వ్యాపారి చేతికి వచ్చింది. పాత ప్రొజెక్టర్లు, గాజు పలకలు, కొన్ని ఫిల్ము చుట్టలు. అందులో యాభై ఫ్రేముల ముక్క ఒకటి. తీసిందెవరో తెలియదు. 1912కు ముందుదని అంచనా. జపానులో దొరికినవాటిలో ఇంతకంటే పాత కార్టూన్ లేదంటారు. దానికోసం ఎవరూ వెతకలేదు. చూశానని ఎవరూ చెప్పలేదు. అది లేదని అనుకోవడానికి కూడా అది ఎవరికీ తెలియదు. నావికుల దుస్తులు వేసుకున్న ఒక కుర్రవాడు గోడ మీద నాలుగు అక్షరాలు రాస్తాడు: కదిలే బొమ్మలు అని. రాసి, మనవైపు తిరిగి, టోపీ తీసి నమస్కరిస్తాడు. మొత్తం మూడు సెకన్లు. ఫిల్ము కొసలు రెండూ అతికించి ఉన్నాయి కనుక, వంగిన తల ఎత్తగానే మళ్ళీ మొదటి అక్షరం దిద్దడం మొదలుపెడతాడు.